ఎవరి నిద్ర ఎవరు పోయారు?

‘ఊర్మిళాదేవి నిద్ర’ పాటను పాతివ్రత్యానికి నిదర్శనంగా చెప్పుకోవడం మన విమర్శకులకు చాలాకాలంగా అలవాటు. భర్త అడవికి వెళితే పద్నాలుగేళ్ళు మంచం దిగని ఇల్లాలు, ఎంత త్యాగం అంటారు. త్యాగం మాటెలా ఉన్నా, నాకు ఆ పాటలో ముందు కనిపించేది ఒక లెక్క. లక్ష్మణుడు నిద్ర మానాలి. మానిన నిద్ర గాలిలో కలిసిపోదు, ఎవరో ఒకరు దాన్ని మొయ్యాలి. అతని నిద్ర ఊర్మిళకు, ఆమె మెలకువ అతనికి. పాట మొత్తం ఈ పంపకం మీద నిలబడింది. నిద్ర పట్టనివాళ్ళు చదివితే ఇది వెంటనే బోధపడుతుందని నా అనుభవం.

నాది బరంపురం. మా అత్తగారు పక్షవాతంతో మూడేళ్ళు మంచాన ఉన్నారు. రెండు గంటలకోసారి ఒత్తిగిలించకపోతే పడక పుళ్ళు పడతాయి కనుక రాత్రి పదికి, పన్నెండుకి, రెండుకి, నాలుగుకి లేచేదాన్ని. గడియారం గంట అక్కర్లేకుండానే మెలకువ వచ్చేది. ఇంట్లో మిగిలినవాళ్ళు హాయిగా నిద్రపోయేవారు. వాళ్ళను తప్పు పట్టడానికి చెప్పడం లేదు, పంపకం అలా జరిగిందంతే. ఆవిడ పోయాక నిద్ర తిరిగొస్తుందని అందరూ అన్నారు. రాలేదు. ఏడాది తర్వాత కూడా రెండింటికి కళ్ళు తెరుచుకునేవి, ఒత్తిగిలించడానికి మనిషి మాత్రం లేదు. స్త్రీల రామాయణపు పాటలు నాకు ఆవిడ దగ్గర వచ్చినవే. మాట పడిపోయాక కూడా రాగం మిగిలింది, పదాలు నేను అందిస్తే ఆవిడ కూనిరాగం తీసేవారు. అందుకే ఈ పాటల గురించి రాసేటప్పుడు పూర్తిగా నిష్పక్షపాతంగా ఉండగలనని చెప్పను.

ఊర్మిళ ఎలా నిద్ర లేచిందో పాటలో చూడండి. వనవాసం ముగిసి, పట్టాభిషేకం అయ్యాక సీత గుర్తుచేస్తే గాని లక్ష్మణుణ్ణి ఊర్మిళ దగ్గరకు పంపాలన్న ధ్యాస రాముడికి రాదు. అతను వెళ్ళి మంచం మీద కూర్చుని మెల్లగా పిలిస్తే ఆమె భర్తను పోల్చుకోలేదు. పరాయివాడనుకుని వణికిపోతుంది. పరస్త్రీలను కోరిన ఇంద్రుడికి, రావణుడికి ఏ గతి పట్టిందో చెప్పి మందలిస్తుంది. దీన్ని శీలపరీక్షలో నెగ్గిన ఘట్టంగా చదవడం సులువు. నాకు మాత్రం ఇందులో పద్నాలుగేళ్ళు నిద్రపోయినా సేద తీరని ఒక మనిషి కనిపిస్తుంది. లేచీ లేవగానే ఆమెకు కలిగింది భయం. ఇంకొకరి వాటా నిద్ర పోయినంత మాత్రాన విశ్రాంతి దొరకదని పాడినవాళ్ళకు తెలుసు. వాళ్ళు బాలింతలు, కోడళ్ళు, ముసలివాళ్ళకు సేవ చేసినవాళ్ళు. వెల్చేరు నారాయణరావు గారు 1991లో ఈ పాటల మీద ఇంగ్లీషులో రాసిన వ్యాసం అగ్రకులాల ఇళ్ళలోని ఆడవాళ్ళ లోకాన్ని వీటిలో చూపించింది. ఆ లోకంలో పగలు కునుకు తీయడం తప్పు, రాత్రి మేలుకోవడం ధర్మం. పద్నాలుగేళ్ళు ఎవరూ లేపని ఆడదాన్ని కల్పించడంలో కొంత తీపి ఆశ కూడా ఉందేమో!

దీనికి జంట పాట ‘లక్ష్మణదేవర నవ్వు’. నా లెక్కన రెండింటిలో ఇదే గొప్పది. అడవిలో నిద్రాదేవి దగ్గరకొస్తే లక్ష్మణుడు ఆమెను పంపేశాడు, అయోధ్యకు తిరిగొచ్చాక రమ్మన్నాడు. ఆమె మాట తప్పే మనిషి కాదు. నిండు కొలువులో అతని ముందు నిలబడింది. వేళ కాని వేళ వచ్చిందని అతనికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎందుకో తెలియక సభలో ప్రతివారూ తమ గుట్టు తలచుకుని కుంగిపోయారు. శివుడికి నెత్తి మీది గంగ, విభీషణుడికి అన్నకు చేసిన ద్రోహం, సీతకు లంకలో ఉన్న రోజులు గుర్తొచ్చాయి. రాముడు కత్తి దూశాడు. సంగతి తెలిశాక సిగ్గుపడి, తమ్ముడికి పక్క వేయించి తనే కాళ్ళు ఒత్తాడు. ఇంతకాలం మేలుకుని సేవ చేసినవాడి కాళ్ళు, సేవ చేయించుకున్నవాడు ఒత్తడం! ఏ పండితుడు రాసిన రామాయణంలో ఉంది ఇలాంటి లెక్క చెల్లింపు?

నిద్ర కొరవడిన మనిషికి అది కొలువులోనే ముంచుకొస్తుందన్నది శాస్త్రం కూడా ఒప్పుకునే మాటే. 1964లో అమెరికాలో ర్యాండీ గార్డ్‌నర్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు 264 గంటలు మేలుకుని, ఆ తర్వాత మొదటి విడతలో పద్నాలుగు గంటలకు పైగా నిద్రపోయాడు. శరీరం బాకీని గంటకు గంటగా రాబట్టుకోదు, కొంత తీసుకుని మిగతాది మాఫీ చేస్తుంది.

మరి నా బాకీ ఎందుకు మాఫీ కాలేదు? ఈ ప్రశ్నకు పాటలో జవాబు లేదు. నిద్ర చెడడానికి మొదటి కారణం ఒకటి, చెడినదాన్ని అలాగే నిలిపి ఉంచే కారణాలు వేరు అని స్పీల్‌మన్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు 1987లో వివరించారు. కారణం పోయినా అలవాట్లు ఉండిపోతాయి. తొందరగా మంచమెక్కడం, పొద్దెక్కేదాకా పొర్లడం, మధ్యాహ్నం కునుకు, గడియారం చూడడం నాలుగూ నాకున్నవే. దీనికి మందు కాని మందు ఉంది. నిద్ర ముంచుకొస్తేనే మంచమెక్కాలి, ఇరవై నిమిషాలైనా పట్టకపోతే లేచి వేరే చోట మసక వెలుతురులో కూర్చోవాలి, రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే వేళకు లేవాలి. బూట్‌జిన్ అనే ఆయన 1972లో చెప్పిన పద్ధతి ఇది. దానికి తోడు మంచం మీద గడిపే సమయాన్నే కోసివేయడం స్పీల్‌మన్ పద్ధతి. నాకు డాక్టరు గారు రాత్రి పన్నెండు నుంచి ఐదున్నర వరకే మంచం అన్నారు. మొదటి రెండు వారాలు నరకం. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. ఆ తర్వాత మెల్లగా కుదుటపడింది, పావుగంట చొప్పున వేళ పెంచారు. మూర్ఛ వ్యాధి, కొన్ని మానసిక రుగ్మతలు ఉన్నవాళ్ళు, బండి నడిపే ఉద్యోగాలవాళ్ళు దీన్ని సొంతంగా చేసుకోకూడదు. దీర్ఘకాలపు నిద్రలేమికి మాత్రల కంటే ముందు ఇలాంటి చికిత్సే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది. మన ఊళ్ళలో ఇంకా మాత్రే ముందు వస్తుంది.

ఈ చికిత్స సారమంతా నిద్ర కోసం పాకులాడవద్దనడమే. అది మన వ్యాకరణంలోనే ఉంది. ‘నాకు నిద్ర పట్టలేదు’ అంటాం. పట్టేది నిద్ర, నేను కాదు. ఇక్కడ మా ఒడియా పొరుగువారు ‘మోతే నిద లాగుచి’ అంటారు. మన పాఠకులు నిత్యం వినే ‘ఎనక్కు తూక్కం వరలై’, ‘ననగె నిద్దె బరలిల్ల’, ‘మలా ఝోప ఆలీ నాహీ’ అన్నిట్లోనూ వచ్చేది, రానిది నిద్రే. తమిళుల తూక్కమూ మన తూగుటుయ్యాలలోని తూగూ ఒకే ఇంటి మాటలు. పిల్లలను మాత్రం ‘నిద్రపో’ అని ఆజ్ఞాపిస్తాం. ఆ ఆజ్ఞ ఎంతమంది పాటించారో తల్లులకు తెలుసు. పాటలో నిద్ర దేవతగా, మాట మీద నిలబడే ఆడమనిషిగా రావడం నాకు అలంకారంగా తోచదు. అది భాష ఊహించుకున్న రూపమే.

పత్రికల్లో వచ్చే నిద్ర సలహాల శీర్షికల మీద నా ఫిర్యాదు ఇదే. గోరువెచ్చని పాలు తాగండి, ఆలోచనలు మానండి, క్రమశిక్షణ పాటించండి అంటూ నిద్రలేమిని ఒంటరి మనిషి నేరంగా చూపిస్తాయి. ఉపదేశంతో నిద్ర పట్టదన్న సంగతి భారతం ఏనాడో చెప్పింది. తిక్కన తెలుగు చేసిన ఉద్యోగపర్వంలోదే ఆ ఘట్టం. సంస్కృతంలో దాని పేరే ప్రజాగర పర్వం, అంటే జాగారం. సంజయుడు పాండవుల దగ్గర నుంచి వచ్చి, సందేశం రేపు సభలో చెబుతానని ఇంటికి పోయాడు. ధృతరాష్ట్రుడికి కన్ను మూతపడక విదురుణ్ణి పిలిపించాడు. బలవంతుడితో వైరం పెట్టుకున్నవాడికి, సొమ్ము పోయినవాడికి, కాముకుడికి, దొంగకు నిద్ర ఉండదు, నువ్వెవరివి అని విదురుడు అడిగాడు. రోగ నిర్ణయం అద్భుతం! కానీ తెల్లవార్లూ నీతులు విన్న రాజు అన్నీ నిజమే అన్నాడు, దుర్యోధనుణ్ణి చూస్తే మనసు మళ్ళీ తిరిగిపోతుందనీ అన్నాడు. కాపలా ఉన్న సేవకుల జాగారం గురించి ఆ రాత్రి ఎవరూ అడగలేదు.

ఓల్గా గారి ‘విముక్త’ సంపుటిలో, దానికి 2015లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది, ఊర్మిళ తలుపు మూసుకుని తనను తాను శోధించుకుంటుంది. పద్నాలుగేళ్ళ నిద్ర స్థానంలో పద్నాలుగేళ్ళ ఆలోచన. ఆ కథ అవసరమైనదే, నాకు ఇష్టం కూడా. ఒక్కటే అభ్యంతరం. ఊర్మిళకు ఆలోచన ఇచ్చి నిద్ర లాగేసుకోవడం ఎందుకు? ఆలోచించే ఆడది మేలుకునే ఉండాలా? రెండింటికి లేచి కూర్చుని నేను ఆలోచించినదంతా పగటి వెలుతురులో చూస్తే పెద్ద విలువైనదేమీ కాదు. బాగా నిద్రపోయిన మర్నాడు తట్టినవే నిలిచాయి.

పాటలోనూ ఒక బాకీ మిగిలిపోయింది. లక్ష్మణుడి కాళ్ళు రాముడు ఒత్తాడు. ఊర్మిళ కాళ్ళు ఎవరు ఒత్తారు? భయంతో లేచిన ఆమెకు నలుగు, తలంటు, విందు జరిగాయి. ఆమె మోసిన వాటాకు మాత్రం ఎవరూ లెక్క అప్పగించలేదు. పాట కట్టినవాళ్ళు అక్కడ ఎందుకు ఆగారో నాకు అంతుపట్టదు. అంతకంటే అడగడం వాళ్ళ ఇళ్ళలో కుదరలేదేమో.

మా అత్తగారికి ఈ పాట వినిపించిన రోజుల్లో నేను ఆ ప్రశ్న వెయ్యలేదు. ఇప్పుడు మామగారికి తుంటి ఎముక విరిగింది. ఈసారి వంటింటి గోడ మీద కాలెండరులో రాత్రులు రాసి పెట్టాను. సోమ, గురువారాలు మావారివి, మంగళ, శుక్రవారాలు అబ్బాయివి. బుధవారం కోసం మరిదిగారికి ఉత్తరం రాశాను, జవాబు రావాలి.