జానెడు ఎత్తు చాలు

శివరాత్రి దాటిందంటే సింహాచలం కొండ కింది పెరళ్ళలో మట్టి పని మొదలవుతుంది. ఈమధ్య ఆ పనికి కొత్త హంగు వచ్చింది. ఫోన్లో వీడియోలు చూసి, నడుమెత్తు చెక్కపెట్టెలు చేయించి, వాటినిండా మట్టి పోయించి ఆకుకూరలు వేస్తున్నారు. ఎత్తు మడి మంచిదే, నేనూ అందులోనే పెంచుతున్నాను. కాకపోతే ఆ ఎత్తు ఎందుకో తెలుసుకోకుండా కట్టిస్తే ఉగాది వెళ్ళేసరికి ఎండిన మట్టే మిగులుతుంది.

చలిదేశాల వాళ్ళకు ఎత్తు మడితో పెద్ద అవసరమే ఉంది. అక్కడ వసంతం వచ్చినా నేల ఇంకా చల్లగా, చిత్తడిగా ఉంటుంది. మట్టిని ఎత్తుగా పోస్తే నీరు దిగిపోయి త్వరగా వెచ్చబడుతుంది, విత్తనం కాస్త ముందే వేసుకోవచ్చు. మన సంగతి తలకిందులు. ఫాల్గుణానికే మన మట్టి వెచ్చగా ఉంటుంది. చైత్రంలో దాన్ని చల్లగా ఉంచలేక చస్తాం. మడి ఎంత ఎత్తుంటే పక్కల నుంచి అంత ఎండ కొడుతుంది, అంత త్వరగా ఆరిపోతుంది.

మరి మనకు ఎత్తు దేనికంటారా? మొదటిది, మన నేల కోసం. తూర్పు కనుమల అంచున ఉన్న ఈ ఎర్రమట్టి ఒక్క గాలివాన పడితే చాలు, పైన అట్టకట్టేస్తుంది. ఆవగింజంత కూడా లేని తోటకూర విత్తనం ఆ పొరను చీల్చుకుని రాలేదు. వాలు మీదున్న పెరడైతే విత్తనం కూడా మట్టితోపాటే కొట్టుకుపోతుంది. రెండోది, కొత్త ఇళ్ళ వెనక పెరడని మనం పిలుచుకునేది చాలాచోట్ల ఇటుకముక్కలు, సిమెంటు పెళ్ళలు పోసి చదును చేసిన జాగా. పైగా మట్టిలో సీసంలాంటి లోహాలుంటే ఆకుకూరలు వాటిని ఆకుల్లోకి తెచ్చుకుంటాయి. రేవు, రిఫైనరీ, ఉక్కు కర్మాగారం ఉన్న నగరంలో మన కూర ఏ మట్టిలో పెరుగుతోందో తెలిసుండటం మంచిది. మంచిచోటు మట్టి తెచ్చి పోసుకోవడానికి ఎత్తు మడి వీలిస్తుంది.

ఈ రెండింటికీ జానెడు ఎత్తు సరిపోతుంది. మడి వెడల్పు 3 అడుగులు, మహా అయితే 4. అటూ ఇటూ కూర్చుని చెయ్యి చాపితే నడిమధ్య అందాలి, మడిలో కాలు పెట్టకూడదు. చుట్టూ ఇటుకలు నిలబెట్టినా, రాళ్ళు పేర్చినా ఒకటే. ఎర్రమట్టి రెండు పాళ్ళు, మాగిన గత్తం ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు, పైన కాస్త వేపపిండి. సింహాద్రి అప్పన్నకు కోడెదూడల్ని మొక్కుకునే ఊరు మాది. పాడి ఉన్న ఇళ్ళలో అడిగితే ఇప్పటికీ గత్తం దొరుకుతుంది. పచ్చిది మాత్రం వద్దు, వేళ్ళు మాడతాయి. పిడికిట్లోకి తీసుకుంటే పేడ వాసన కాక మట్టి వాసన రావాలి.

ఎత్తు కంటే ముఖ్యమైనది, ఏ కాలానికి ఏ ఆకు అన్నది. పాలకూర బీట్‌రూట్‌కు దాయాది. చలిలో దిట్టంగా వస్తుంది గాని పగళ్ళు పెరిగి ఎండ ముదిరితే కాడ తీసి గింజ కడుతుంది. కొత్తిమీర దాని కంటే తొందరపాటుది. తోటకూర తీరు వేరు. మొక్కజొన్న, చెరకుల్లాగే ఎండను బాగా వాడుకునే జాతి అది, తడి అందితే వేసవిలోనే జోరు చూపిస్తుంది. నెల తిరక్కుండా కోతకు వస్తుంది. బచ్చలికి సగం నీడ ఉన్నా చాలు. గంగవాయిలి పిలవకుండానే మొలుస్తుంది, కలుపని పీకేయకండి.

గోంగూరకు పగలు తగ్గుముఖం పట్టాకే పూత వస్తుంది. కాబట్టి ఇప్పుడు విత్తితే నెలల తరబడి ఆకే ఇస్తుంది. దీని కాడల నుంచి తీసే గోగు నారకు ఒకప్పుడు బయటి దేశాల్లో మన భీమునిపట్నం పేరే ఉండేది, బిమ్లీ జూట్ అనేవారు. అదే నారతో గోనెసంచులూ నేసేవారు. ఇప్పటికీ విత్తనం చల్లాక మొలక కనబడేదాకా మడి మీద తడి గోనె కప్పడం కంటే మంచి ఉపాయం లేదు. తోటకూర విత్తనాన్ని ఇసుకతో కలిపి చల్లితే ఒకేచోట గుంపుగా పడదు. కాస్త బియ్యపు నూక కూడా కలిపితే చీమలు దాని వెంట పడి విత్తనాన్ని వదిలేస్తాయి. ఉన్న విత్తనమంతా ఒకేసారి చల్లేయకండి. వారం పదిరోజుల తేడాతో వేస్తే ఇంట్లోకి రోజూ లేత ఆకు వస్తుంది.

ఇక ఎండ సంగతి. వైశాఖంలో సింహాద్రినాథుడికే ఒంటినిండా చందనం పూస్తారు. ఆకుకూరకు నీడ అక్కర్లేదని ఎలా అనుకుంటాం? పడమటి ఎండ తగలకుండా మునగచెట్టుకు తూర్పున మడి కట్టుకోండి. చెట్టు లేకపోతే కొబ్బరిమట్టల పందిరి వేసినా సరే. నీళ్ళు తెల్లవారగానే, మొదళ్ళలో పోయాలి. సముద్రపు గాలికి మనకు ఉక్క ఎక్కువ. సాయంత్రం ఆకుల మీద పోసిన తడి రాత్రంతా ఆరదు, తోటకూర ఆకు అడుగున తెల్లటి పొక్కులు లేస్తాయి. పేనుబంక పడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి చల్లితే చాలు. కోసేటప్పుడు రెండు మూడు కణుపులు వదిలి కోస్తే తోటకూర మళ్ళీ చిగురిస్తుంది.

నడుమెత్తు పెట్టెలు వంగలేని పెద్దవాళ్ళకూ, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకూ నిజంగా అవసరం. వాళ్ళు కట్టించుకోవాలి, పూటపూటా నీళ్ళు పోసుకోవాలి. మిగతావాళ్ళు ఆ డబ్బు దాచుకోండి. ఈ ఉగాదికి జానెడెత్తు మడి ఒకటి కట్టి తోటకూర, గోంగూర, బచ్చలి వేయండి. పాలకూర గింజలు కార్తీకం దాకా డబ్బాలోనే ఉండనివ్వండి.