'స్వయం' చదువులు – మా గూడేలు

2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కృత్రిమ మేధ మీద ఒక కోర్సును ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడితే లక్షన్నర మందికి పైగా పేర్లు రాయించుకున్నారు. మరుసటి ఏడాదే కోర్సెరా, ఎడెక్స్ వచ్చాయి. మన దేశంలో ఐఐటీల ఎన్‌పీటెల్ పాఠాలు అంతకు ముందే ఉన్నాయి. 2017 జూలైలో కేంద్ర ప్రభుత్వం 'స్వయం' తెచ్చింది. ఇప్పుడు ఉట్నూరులో డిగ్రీ చదివే పిల్ల కూడా ఐఐటీ మద్రాసు అధ్యాపకుడి పాఠం వినొచ్చు. ఇది చిన్న సంగతి కాదు. లెక్చరర్ లేక ఏడాదంతా ఖాళీ పీరియడ్లు గడిపినవాళ్లకు దీని విలువ తెలుసు. అందుకే ఈ కోర్సులు మనకెందుకని కొట్టిపారేసే వాళ్లతో మేము ఏకీభవించం.

అయితే ఉచితం అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. పాఠం ఉచితమే. సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు కట్టాలి, కేంద్రమున్న పట్టణానికి పోవాలి. తిర్యాణి గుట్టల మీది గూడెం నుంచి కరీంనగర్ లాంటి ఊరికి పోయి రావడమంటే కూలి పోతుంది, బస్సు చార్జీలు అవుతాయి, రాత్రి ఎవరింట్లోనో తల దాచుకోవాలి. ఫోన్ డేటా ఖర్చు సరేసరి. 2020 సెప్టెంబరులో టీశాట్, దూరదర్శన్ యాదగిరిల్లో బడి పాఠాలు మొదలైనప్పుడు టీవీ లేని ఇండ్లనూ, సిగ్నల్ కోసం గుట్టెక్కిన పిల్లలనూ మనం చూసినవాళ్లమే.

భాష ఇంకా పెద్ద అడ్డంకి. పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి, కొన్నిటికి తెలుగు అనువాదం ఉంది. ఇంట్లో గోండి, కొలామి మాట్లాడే పిల్లలకు తెలుగే రెండో భాష. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. కంప్యూటరుకు మన అక్షరాలు తెలిసినా, మేము వెతికిన కోర్సుల్లో గోండిలో ఒక్కటీ కనబడలేదు.

ఇక్కడ మార్లవాయి గుర్తుకొస్తుంది. 1943లో నిజాం కాలంలో, హైమన్‌డార్ఫ్ పూనికతో అక్కడ గోండు యువకులకే పంతుళ్లుగా శిక్షణ ఇచ్చారు. గోండిలో వాచకాలు తయారయ్యాయి. అవి దేవనాగరి లిపిలో ఉండటం మీద ఎవరికైనా పేచీ ఉండొచ్చు, అది వేరే చర్చ. పిల్లవాడి పక్కన వాడి మాట తెలిసిన పంతులు కూర్చున్నాడన్నది ముఖ్యం.

'స్వయం' అన్న పేరు మాత్రం నీకు నువ్వే చదువుకో అంటుంది. ప్రపంచమంతటా ఇలాంటి కోర్సుల్లో చాలావాటిని చివరిదాకా చదివేవాళ్లు నూటికి పదిమంది లోపే. తొలినాళ్లలో చేరినవాళ్లలో ఎక్కువమంది అప్పటికే డిగ్రీలున్నవాళ్లు. ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన మన పిల్లలు ఒంటరిగా నిలబడకపోతే వాళ్లకు శ్రద్ధ లేదనడం అన్యాయం.

1982లో మొదలైన మన సార్వత్రిక విశ్వవిద్యాలయం పుస్తకాలు పంపి ఊరుకోలేదు, అధ్యయన కేంద్రాలు పెట్టింది. మనకూ అదే కావాలి. ఆశ్రమ పాఠశాలలో ఒక గది, పదిమంది పిల్లలు, వీడియో మధ్యలో ఆపి గోండిలో విడమరిచి చెప్పే ఒక టీచరు. చాలా బడుల్లో కంప్యూటర్ గదికి సాయంత్రమే తాళం పడుతోంది. దాన్ని రాత్రి ఎనిమిదింటి దాకా తెరిచి ఉంచమని ఉపాధ్యాయ మిత్రులు వచ్చే సమావేశంలోనే అడగాలి.