రంతిదేవుని గ్రుక్కెడు నీరు

పోతన భాగవతము నవమస్కంధమునందలి రంతిదేవుని కథ మిగుల చిన్నది. రాజు 48 దినములు పస్తుండెను; తుదకు లభించిన యన్నమును వరుసగా వచ్చిన యతిథులకు పెట్టెను; మిగిలిన నీటిని, అంటరానివాడుగ నెంచబడిన పుల్కసునకు పోసెను. పురాణము చెప్పువారు సామాన్యముగా ఉపవాసమునే వర్ణింతురు. వినువారు కన్నులు తుడుచుకొని, ఇంతటి త్యాగము మనవంటి సంసారులకు సాధ్యమా యని యిండ్లకు పోవుదురు. ఈ తలంపే యీ కథకు జరిగిన యపకారమని నా యభిప్రాయము.

ఉపవాసము నొకింత ప్రక్కనుంచి చూడుడు. దప్పిగొన్నవాడొకడు వచ్చెను, నీరున్నది, ఉన్నవాడు పోసెను. రాజు మాత్రమే చేయదగిన దిందేమున్నది?

సంస్కృతమూలమున రంతిదేవుడు తనకు సిద్ధులుగాని మోక్షముగాని యక్కఱలేదనియు, సకలప్రాణుల దుఃఖమును తానే యనుభవింప గోరుదుననియు పలుకును. మహోన్నతమైన మాటయే, కాని దప్పిగొన్నవానితో చెప్పినది కాదు. తెలుగున రాజు వానివైపు తిరిగి పిలుచును. ఆ పిలుపులో 'అన్న' యను మాట కలదు. నీరు మూలమునందును కలదు. పిలుపు మన కవి చేర్చినది.

అయినను విమర్శకుడు పక్షపాతము వహింపరాదు. ఆ పద్యము తుదిని రాజు వానిని కులనామముతోనే సంబోధించుచున్నాడు. మఱియు ఆ యతిథులు విష్ణుమాయా కల్పితులని కథాంతమున తెలియును. దప్పిగొన్నవాడు దప్పిగొనియుండుటయే చాలదా? మాఱువేషపు దేవుడు గూడ కావలెనా?

నీటికిని పిలుపునకును గల భేదము పుస్తకముకంటె రైలుస్టేషనులో స్పష్టముగ తెలియును. మదరాసు–బొంబాయి మార్గమును గూడూరు–కాట్పాడి మార్గమును కలియు మన రేణిగుంటలో వేసవి మధ్యాహ్నమున దిగినవారికి నీటి విలువ చెప్పనక్కఱలేదు. కొండకు పోవు యాత్రికుడును, మూటలు మోయు కూలివాడును అచ్చట ఒకే కొళాయికి దోసిలి పట్టుదురు. ఇది యెల్లప్పుడు నిట్లుండలేదు. ఆంగ్లప్రభుత్వకాలమున మన దేశపు స్టేషనులలో హిందువులకును ముసల్మానులకును వేఱువేఱు నీళ్లుండెడివి. దక్షిణాది స్టేషను భోజనశాలలలో బ్రాహ్మణులకు ప్రత్యేకస్థలము లుండెడివి. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసెను. దానిని పాటించువారిని శిక్షించుటకు 1955లో చట్టము వచ్చెను. అటుపిమ్మటను తెలుగు పల్లెల టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి చాలకాలము నిలిచెను.

గ్రుక్కెడు నీటితో లోకము మాఱునా, చట్టములు కావలెను, భూములు కావలెను అని కొందఱందురు. వారి మాటను నేను కాదనను. చట్టము వెనుక లేని దయ యిచ్చువాని యిష్టముపై నాధారపడియుండును; నేడు పోసినవాడు రేపు పోయకపోవచ్చును. కాని చట్టము బావిని తెఱచునేగాని చెంబు పట్టిన చేతి తీరును దిద్దజాలదు. ఎత్తునుండి దోసిట పోసినదియు నీరే, గ్లాసుతో చేతికందించినదియు నీరే. అయినను మొదటిది త్రాగినవాడు దప్పి తీర్చుకొని అవమానమును మోసికొని పోవును.

ఇక నా సంగతి. నేను రంతిదేవుని త్యాగమును సభలలో ప్రశంసించుచున్న దినములలోనే, మా పెరటి గూటిలో ఒక గ్లాసు విడిగా బోర్లించియుండెను. అది పనిమనిషిది. దానినెవరు పెట్టిరో యెవరును చెప్పలేరు. తీయవలెనని యెవరికిని తోచలేదు. ఒకనాడు నా భార్య దానిని తోమి మా గ్లాసుల నడుమ నుంచి, "అక్కా, లోపలికి వచ్చి కూర్చుండి త్రాగుము" అని పిలిచెను. ఆమె గడపయొద్దనే చాలసేపు నిలిచెను. లోపల అడుగిడుటకు ఆమెకు కొన్ని దినములు పట్టెను.

ఆ దినములలో నేను పోతన పద్యమును మరల చదివితిని. పాఠకులు చదువబోవుటకు ముందు తమ పెరటి గూటిని ఒక్కసారి చూచుకొనవలెనని నా ప్రార్థన.