ఇంగ్లీషు క్రియ పనితనం

ఇంగ్లీషులో పన్నెండు కాలాలున్నాయని మన బళ్లలో చెబుతారు. రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం చదువుకున్న తరాలకు ఆ పట్టిక కంఠతా వచ్చు. అంత వచ్చినవాళ్లు కూడా వాక్యం రాయాల్సి వచ్చేసరికి తడబడతారు. పట్టిక పన్నెండు గదులు గీసి, ఒక్కో గదిలో ఒక్కో రూపాన్ని విడిగా కూర్చోబెట్టడమే ఇందుకు కారణమని నా నమ్మకం. నిజానికి అక్కడ పన్నెండు వస్తువులు లేవు. క్రియకు గతం చెప్పే రూపం ఒకటి, గతం కానిది చెప్పే రూపం ఒకటి. విల్, హావ్, బీ అని మూడు సహాయక క్రియలు. ఇంత కొద్ది సరంజామాతో ఆ భాష ఎంత పని చేయించుకుంటుందో చూస్తే ముచ్చటేస్తుంది.

పొందూరులో ఒక ముసలమ్మ వాలుగ చేప దవడతో పత్తి ఏకి రాట్నం ముందు కూర్చుందనుకుందాం. ‘షి స్పిన్స్’ అంటే నూలు వడకడం ఆమె పని అని. ఆ నిమిషాన ఆమె నిద్రపోతున్నా ఆ వాక్యం నిజమే. ‘షి ఈజ్ స్పిన్నింగ్’ అంటే రాట్నం ఇప్పుడు తిరుగుతోంది. ‘షి హాజ్ స్పన్’ అంటే నూలు తయారై మన కళ్ల ముందు ఉంది. ‘షి హాజ్ బీన్ స్పిన్నింగ్ సిన్స్ మార్నింగ్’ అంటే పొద్దుటినుంచీ వడుకుతూనే ఉంది, చేతులు లాగేస్తుంటాయి, కాసిని మంచినీళ్లివ్వండి అని అడక్కుండానే చెప్పినట్టు.

ఇప్పుడు అతుకులు చూడండి. ప్రతి సహాయక క్రియా తన తర్వాత వచ్చే మాట ఏ రూపంలో ఉండాలో శాసిస్తుంది. విల్ తర్వాత మూలరూపమే రావాలి. హావ్ తర్వాత మూడో రూపం. బీ తర్వాత ఇంగ్ రూపం. ‘షి విల్ హావ్ బీన్ స్పిన్నింగ్’ అన్నప్పుడు, విల్ ముందుంది కాబట్టి హావ్ ‘హాజ్’ కాలేదు. హావ్ ముందుంది కాబట్టి బీ ‘బీన్’ అయింది. బీన్ ముందుంది కాబట్టి స్పిన్ ‘స్పిన్నింగ్’ అయింది. ఈ వరస ఎన్నడూ తారుమారు కాదు. ఇంకో సొగసు ఏమిటంటే, కాలం మోసే బాధ్యత వరసలో మొదటి మాటది ఒక్కటే. ఈజ్ వాజ్ అవుతుంది, హాజ్ హాడ్ అవుతుంది, వెనకున్నవి కదలవు. ఇంత పొదుపైన కూర్పును పన్నెండు గదులుగా కోసి పిల్లల చేతికివ్వడం అన్యాయం.

తెలుగు పిల్లలకు ఇక్కడో వెసులుబాటు ఉంది, దాన్ని మనం వాడుకోవడం లేదు. చిన్నయ సూరి 1858 నాటి బాలవ్యాకరణంలో భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు తద్ధర్మమని నాలుగోది చెప్పాడు. ఒక వస్తువు స్వభావాన్నో, ఒక మనిషి అలవాటునో చెప్పే రూపం అది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, నాగావళి శ్రీకాకుళం మీదుగా పారుతుంది, మా అయ్య తెల్లారగట్ల లేస్తాడు. సింపుల్ ప్రెజెంట్ అచ్చంగా ఇదే. దాన్ని వర్తమానకాలమని పరిచయం చేయడంతోనే చిక్కు మొదలవుతుంది. వర్తమానమంటే ‘వస్తున్నాను’ కదా అని పిల్లవాడు అనుకుంటాడు, రోజూ చేసే పనికి కూడా ‘ఐ యామ్ గోయింగ్ టు స్కూల్ డైలీ’ అంటాడు. తద్ధర్మమని ఒక్క మాట చెప్పి ఉంటే ఆ తప్పు పుట్టేదే కాదు.

‘ఐ యామ్ నోయింగ్’ సంగతీ అంతే. ఈ తప్పును తెలుగు మీద వేస్తారు గాని, తెలుగువాడు ‘నాకు తెలుసు’ అంటాడు. ‘తెలుస్తోంది’ అంటే అర్థం వేరు. స్థితికి ఒక రూపం, సాగుతున్న పనికి ఇంకో రూపం ఉండాలన్న వివేకం మన భాషలోనూ ఉంది.

అసలు కష్టమంతా హావ్ దగ్గరే. అన్నానికి రమ్మంటే మన విజయనగరం, శ్రీకాకుళం వైపు ‘తినీసినాను’ అంటారు. కడుపు నిండింది, ఇప్పుడు అక్కర్లేదని. ‘ఐ హావ్ ఈటెన్’ దాదాపు అదే. ఆ పోలికను అక్కడే ఆపాలి. ‘నిన్ననే తినీసినాను’ అని మనం అనగలం, ఇంగ్లీషులో హావ్ పక్కన ‘యెస్టర్‌డే’ నిలవదు. మన ‘ఈసి’ పని ముగిసిందా లేదా అని చూస్తుంది. వాళ్ల హావ్ ముగిసిన పనికి ఈ క్షణంతో సంబంధం ఉందా అని చూస్తుంది. నిన్న అని తేదీ చెప్పగానే ఆ సంబంధం తెగుతుంది, అప్పుడు ‘ఐ ఏట్’ అనాల్సిందే.

ఆ సంబంధాన్ని ఆ భాష ఎంత సన్నగా పట్టుకుంటుందో చెప్పడానికి నాకు బాగా ఇష్టమైన జంట ఒకటుంది. ‘ఆయన అరసవల్లి వెళ్లాడు’ అంటే ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడో తెలుగులో తేలదు. ‘హి హాజ్ గాన్ టు అరసవల్లి’ అంటే ఇంకా తిరిగి రాలేదు, ఇంటికెళ్లినా దొరకడు. ‘హి హాజ్ బీన్ టు అరసవల్లి’ అంటే దర్శనం చేసుకుని వచ్చిన మనిషి, ఆ ఊరు చూసినవాడు. మారింది ఒక్క మాటే.

హాడ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ‘నేను స్టేషనుకెళ్లేసరికి రైలు వెళ్లిపోయింది’ అనే వాక్యంలో ముందువెనకలను మన ‘ఏసరికి’ చూసుకుంటుంది. ఇంగ్లీషులో ఆ పని హాడ్‌ది. రెండు గతాలు ఎదురుపడి, ఏది ముందో చెప్పాల్సి వచ్చినప్పుడే దాన్ని పిలవాలి. ఉన్నది ఒకే గతమైతే దాన్ని పిలవకండి.

ఇక భవిష్యత్తు. ఇంగ్లీషు క్రియకు భవిష్యత్ రూపమే లేదని డెన్మార్క్ పండితుడు ఒట్టో యెస్పర్సన్ గట్టిగా వాదించాడు. విల్ పక్కన చేరిన సాయమే తప్ప క్రియ మారిన రూపం కాదు. మన వాడుకా అలాంటిదే. ‘రోజూ వస్తాను’, ‘రేపు వస్తాను’ రెండిటికీ ఒకటే రూపం. మన కొండల్లోని సవర భాషలోనూ క్రియ చేసే ముఖ్యమైన విభజన గతం, గతం కానిది అనే రెండే. ఆ సవర వ్యాకరణాన్ని 1931లో ఇంగ్లీషులో అచ్చు వేయించినవాడు గిడుగు వెంకట రామమూర్తి. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టి, విజయనగరంలో గురజాడ అప్పారావుతో కలిసి చదువుకున్నాడు. గురజాడ తన డైరీలు ఇంగ్లీషులో రాసుకున్నాడు, 1897 నాటి కన్యాశుల్కానికి ముందుమాట కూడా ఇంగ్లీషులోనే రాశాడు. పరభాషను ఇంత బాగా పట్టుకున్న ఈ ఇద్దరే వాడుక తెలుగు కోసం నిలబడ్డారు. నేర్చుకునేవాడి నోట్లో ఉన్న భాషను తక్కువ చేసి ఏదీ నేర్పలేమని గిడుగుకు సవర బడుల్లో పనిచేసినప్పుడే తెలుసు.

కనుక విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఇంగ్లీషు ఉపాధ్యాయులకు నాదొక మనవి. పన్నెండు గదుల పట్టిక గోడకు తగిలించే ముందు కొన్నాళ్లు పిల్లల మాటలే బల్ల మీద పెట్టండి. ‘తినీసినాను’, ‘ఎల్తన్నాను’, ‘రోజూ వస్తాను’, ‘చిన్నప్పుడు ఎల్లీవోణ్ణి’. వీటిలో ఏది అలవాటు, ఏది సాగుతున్న పని, ఏది ముగిసింది అని వాళ్లనే విడదీయమనండి. ఆ తర్వాత హావ్, బీ, విల్ ఒక్కొక్కటిగా చేతికివ్వండి.