ఇండెక్స్ ఒక్కరి చేతిలో ఉంటే

వికేంద్రీకృత నిల్వ గురించి మాట్లాడేటప్పుడు చాలామంది ముందుగా అడిగేది, ఫైలు ఎన్ని కంప్యూటర్లలో ఉందని. ఎక్కువ చోట్ల ఉంటే ఎక్కువ భద్రమని లెక్క. అది ఎక్కడుందో చెప్పేది ఎవరన్న ప్రశ్న నాకు అంతకంటే ముఖ్యంగా తోస్తుంది. 1999లో మొదలైన నాప్‌స్టర్‌ను చూడండి. పాటలన్నీ వాడేవాళ్ల సొంత కంప్యూటర్లలోనే ఉండేవి. ఎవరి దగ్గర ఏ పాట ఉందో చెప్పే జాబితా మాత్రం కంపెనీ సర్వర్లలో ఉండేది. కోర్టు కేసుల ఫలితంగా 2001 జులైలో ఆ సర్వర్లు ఆగిపోయాయి. ఎవరి కంప్యూటర్లోంచీ ఒక్క పాట కూడా చెరిగిపోలేదు, అయినా నెట్‌వర్క్ పనిచేయకుండా పోయింది. బిట్‌టొరెంట్ కథ వేరు. 2005 నుంచీ దానికి కేంద్ర సర్వర్ లేకుండా వెతుక్కునే పద్ధతి కూడా ఉంది. అందుకే 2009 నవంబరులో పైరేట్ బే సైటు తన ట్రాకర్‌ను, అంటే ఏ ఫైలు ఎవరి దగ్గరుందో చెప్పే సర్వర్‌ను, మూసేసినా పంపకాలు సాగాయి. కాపీరైటు విషయంలో వాళ్లను వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. ఫైళ్లు ఎంతమంది దగ్గర ఉన్నా జాబితా ఒక్కరి దగ్గరే ఉంటే ఆ నెట్‌వర్క్ ఒక్కరిదే అవుతుందని మాత్రం ఈ రెండు కథలూ స్పష్టంగా చెబుతున్నాయి.

ఇవాళ ఈ ప్రశ్న ఐపీఎఫ్ఎస్, ఫైల్‌కాయిన్ నెట్‌వర్క్‌ల ముందుంది. జువాన్ బెనెట్ రూపొందించిన ఐపీఎఫ్ఎస్ 2015లోనూ, దానికి తోడుగా ఫైల్‌కాయిన్ 2020 అక్టోబరులోనూ జనంలోకి వచ్చాయి. వీటిలో ఫైలు చిరునామా అంటే అది ఉన్న చోటు కాదు, దానిలోని సమాచారం నుంచి లెక్కగట్టిన హ్యాష్. ఒక్క అక్షరం మారినా హ్యాష్ మారిపోతుంది. దీని విలువ తెలుగు చదువరులకు విడిగా చెప్పనక్కర్లేదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు మూతపడ్డాక పాత లింకులు పనికిరాకుండా పోయాయి. అందులోని తెలుగు పుస్తకాలెన్నో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నా, పాత చిరునామా పట్టుకున్నవాళ్లు అక్కడికి చేరలేరు. హ్యాషే చిరునామా అయితే ఏ కాపీ ఎక్కడ మిగిలినా అదే చిరునామాతో అందుతుంది. అయితే ఆ చిరునామా ‘ఇది ఏమిటి’ అన్నది చెబుతుందే గాని ‘ఎవరి దగ్గరుంది’ అన్నది చెప్పదు. అది చెప్పడానికి ఇండెక్స్ కావాలి.

ఆ ఇండెక్స్‌ను అందరూ తలా కొంచెం మోసే పద్ధతి ఐపీఎఫ్ఎస్‌లో మొదటి నుంచీ ఉంది కదా, వేరే ఇండెక్సింగ్ నోడ్లు ఎందుకని అడగవచ్చు. ఆ పద్ధతి పేరు డీహెచ్‌టీ. ఒక ముక్క తన దగ్గరుందని ప్రకటించాలంటే నోడ్ ఆ సంగతిని మరో 20 నోడ్లకు చెప్పి రావాలి. ఆ నమోదుకు గడువు ఉంటుంది కాబట్టి 22 గంటలకోసారి మళ్లీ చెప్పాలి. చిన్న సంగ్రహానికి ఇది బాగానే సరిపోతుంది. పెద్ద సంగ్రహం మాట వేరు. ఫైలును 256 కిలోబైట్ల ముక్కలుగా కోస్తే ఒక టెరాబైట్‌కు సుమారు 40 లక్షల ముక్కలు. ప్రతి ముక్కనూ ప్రకటించాలంటే రోజూ 8 కోట్ల నమోదులు. ఒక్కో ఫైలు మొత్తానికి ఉండే మూల హ్యాష్‌లను మాత్రమే ప్రకటించి భారం తగ్గించుకోవచ్చు, కానీ అప్పుడు మధ్య ముక్క ఒక్కటే కావలసినవాడికి దారి దొరకదు. టెరాబైట్ల కొద్దీ దాచే ఫైల్‌కాయిన్ నిర్వాహకులు ఈ పద్ధతితో నెగ్గలేరు. కాబట్టి ఇండెక్సింగ్ నోడ్లు అవసరమే. వాటిని ఎవరు, ఎంతమంది నడపాలన్నదే చర్చ.

ఈ నోడ్లు పనిచేసే తీరులోనే నా వాదనకు ఆధారం ఉంది. నిల్వచేసేవాళ్లు తమ దగ్గరున్న హ్యాష్‌ల జాబితాలను తమ సంతకంతో ప్రకటనలుగా పెడతారు. ప్రతి ప్రకటనా దాని ముందుదాన్ని చూపిస్తుంది, అలా ఒక గొలుసు ఏర్పడుతుంది. ఇండెక్సర్ చివరి ప్రకటన నుంచి వెనక్కి నడుస్తూ, తాను లోగడ చదివినదాన్ని చేరేవరకు అన్నిటినీ తెచ్చుకుని తన డేటాబేస్‌లో వేసుకుంటుంది. ఆ తర్వాత ఎవరైనా హ్యాష్ పంపితే అది ఎవరి దగ్గరుందో, ఏ ప్రొటోకాల్‌తో తెచ్చుకోవచ్చో వెంటనే చెబుతుంది. గొలుసు బహిరంగం కాబట్టి కొత్తగా వచ్చిన ఇండెక్సర్ కూడా పాతవాళ్ల అనుమతితో పనిలేకుండా మొత్తం జాబితాను మొదటి నుంచి కట్టుకోవచ్చు. నాప్‌స్టర్ కాలంలో లేని అవకాశం ఇది. అయితే వాడుకలో జరిగింది వేరు. 2023 జనవరిలో వచ్చిన ఐపీఎఫ్ఎస్ సాఫ్ట్‌వేర్ కుబో 0.18 డీహెచ్‌టీతో పాటు సీఐడీ డాట్ కాంటాక్ట్ అనే ఒక్క ఇండెక్సర్‌ను ముందే అమర్చుకుని వచ్చింది. వేగం పెరిగిన మాట నిజమే. ముందే అమర్చి ఉన్నదాన్ని మార్చుకునేవాళ్లు తక్కువన్నదీ నిజమే.

ఒక్క ఇండెక్సరే ఉంటే ఏమవుతుంది? వచ్చిన ముక్కను మనమే హ్యాష్‌తో సరిచూసుకుంటాం కాబట్టి తప్పుడు సరుకు అంటగట్టలేదు కదా అంటారు. ఆ మాట సగమే నిజం. ఇండెక్సర్ అబద్ధం దొరికిపోతుంది, మౌనం దొరకదు. ‘లేదు’ అన్న జవాబుకు మూడు అర్థాలుండవచ్చు: నిజంగానే ఎవరి దగ్గరా లేకపోవచ్చు, ఇండెక్సర్ ఇంకా ఆ ప్రకటన వరకు చదివి ఉండకపోవచ్చు, లేదా తెలిసీ చెప్పకపోవచ్చు. అడిగినవాడికి మూడూ ఒకేలా కనిపిస్తాయి. వేర్వేరు చేతుల్లో ఉన్న ఇద్దరిని అడిగి ఒకరు ఉందని, ఒకరు లేదని అన్నప్పుడే తేడా బయటపడుతుంది. అప్పుడు బహిరంగంగా ఉన్న గొలుసుతో పోల్చి ఎవరు వెనకబడ్డారో, ఎవరు దాచారో తేల్చవచ్చు. గొలుసు తనిఖీకి వీలిస్తుంది, ఆ తనిఖీని మొదలుపెట్టేది మాత్రం రెండో ఇండెక్సరే.

ఖర్చు గురించిన అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఎడతెగని రాతను తట్టుకునే పెద్ద డిస్కులు కావాలి. ప్రకటనలు చదవడంలో వెనకబడకుండా చూసుకోవాలి, మాయమైపోయిన నిల్వదారుల నమోదులను ఏరేయాలి. ఇవన్నీ ఎవరి కంటా పడని పనులు, ఇంటి కంప్యూటర్ మీద అయ్యేవి కావు. అయితే ప్రతి ఒక్కరూ నడపాలని నేను అనడం లేదు. ఒకరి ప్రయోజనంతో మరొకరికి సంబంధం లేని కొద్దిమంది చాలు. ఇండెక్సర్‌కు మనం ఏం చదువుతున్నామో తెలిసిపోతుందన్నది మరో అభ్యంతరం. దీనికి పరిష్కారం ఇప్పటికే రూపొందింది. అసలు హ్యాష్ బదులు దానికి మళ్లీ కట్టిన హ్యాష్‌ను పంపితే, ఇండెక్సర్ గుప్తీకరించిన జవాబునే ఇస్తుంది, అసలు హ్యాష్ తెలిసినవాడే దాన్ని విప్పుకోగలడు. అడిగినవారి ఐపీ అడ్రస్ అప్పటికీ కనిపిస్తుంది, కాబట్టి రక్షణ సంపూర్ణం కాదు. ప్రశ్నలన్నీ ఒకే చోటికి చేరకపోవడం ఇక్కడా మేలే చేస్తుంది. ఇక చట్టవిరుద్ధమైన సమాచారం సంగతి. ఏ నిర్వాహకుడైనా అలాంటిదాన్ని చూపించనని అనవచ్చు, అనాలి కూడా. ఆ హక్కు అనేకమంది దగ్గర ఉంటే ఎవరి నియమాలకు వాళ్లు జవాబుదారీ. ఒక్కరి దగ్గరే ఉంటే వాళ్ల పొరపాటు కూడా అందరికీ శాసనమైపోతుంది.

అందుకే ఈ నెట్‌వర్క్‌ల మీద యాప్‌లు కట్టేవాళ్లు కనీసం ఇద్దరు ఇండెక్సర్లను అడిగేలా రాయాలి. నిల్వచేసేవాళ్లు తమ ప్రకటనల గొలుసును మొదటి నుంచి చివరి దాకా అందుబాటులో ఉంచాలి. అది తెగితే కొత్త ఇండెక్సర్‌కు దారి మూసుకుపోతుంది. ప్రజల డబ్బుతో పాత పుస్తకాలు, రికార్డులు డిజిటైజ్ చేయించే విశ్వవిద్యాలయాలు, గ్రంథాలయ సంస్థలు ఈ దారి పడితే నిల్వకు కేటాయించే బడ్జెట్‌లోనే ఇండెక్సింగ్‌కూ ఒక పద్దు రాసుకోవాలి. కాపీలు దాచడానికి ఖర్చుపెట్టి, అవి ఎక్కడున్నాయో చెప్పే పనిని పూర్తిగా మరొకరికి వదిలేస్తే, దాచినదాని మీద అధికారం కూడా వాళ్లకే అప్పగించినట్టవుతుంది.