దీంట్లో నేను యాడుండాను?

ఫోటోలు తీయడం నాకు ఉద్యోగం కాదు, ఇష్టం. కాలేజీలో పాఠాలు, ఇంట్లో పనులు పోగా మిగిలిన ఆదివారం పొద్దున్న ఫోన్ పట్టుకుని పొలాల వైపు వెళ్తాను. పెద్ద కెమెరా కూడా ఉంది. కానీ దాన్ని మెడలో వేసుకుని ఒంటరిగా ఒక ఆడమనిషి చేలగట్టు మీద నిలబడితే వచ్చే ప్రశ్నలకి జవాబులు చెప్పేసరికి వెలుగు కాస్తా పోతుంది. ఫోన్ అయితే ఎవరూ పట్టించుకోరు. నాలాంటి ఆడవాళ్ళకి ఫోన్ ఇచ్చిన స్వేచ్ఛ చిన్నదేం కాదు. ఆ స్వేచ్ఛతో నేనేం చేశానన్నదే ఇప్పుడు నన్ను వేధిస్తున్న ప్రశ్న.

ఫిబ్రవరి, మార్చి నెలలు వస్తే మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో కల్లాలన్నీ ఎర్రబడతాయి. ఆసియాలోనే పెద్దదిగా పేరున్న గుంటూరు మిర్చి యార్డుకి టిక్కీలు చేరేముందు కాయలు ఎండేది ఈ కల్లాల్లోనే. ఆ ఎరుపు కోసం ఎక్కడెక్కడినుంచో హాబీ ఫోటోగ్రాఫర్లు వస్తారు. ఇన్‌స్టాగ్రామ్‌లో అలాంటి ఫోటోలు కొల్లలు. పైనుంచి డ్రోన్‌తో తీసినవయితే నేలంతా ఎర్ర తివాచీ, దాని మీద రంగు చుక్కల్లా నలుగురైదుగురు స్త్రీలు. అన్నీ అందంగానే ఉంటాయి. అన్నీ ఒక్కలాగే ఉంటాయి. 2021 ఫిబ్రవరిలో పల్నాడులో నేనూ అలాంటిదే ఒకటి తీశాను. ఒక పోటీలో అది ఎంపికయింది కూడా. ఈ విమర్శ ఆ ఫోటో మీదే.

తీసినప్పుడు అందులో ఏముందో ముందు చెప్తాను. కల్లంలో కూర్చుని తాలు కాయలు ఏరుతున్న ఆరుగురు స్త్రీలు. చీరల మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కాలు, ముక్కు మీదుగా కట్టుకున్న గుడ్డలు. ఒక పక్కన వేపకొమ్మకి కట్టిన చీర ఉయ్యాల, దాని కింద నీళ్ళ సీసాలు, సత్తు క్యారేజీలు. ఇంటికొచ్చి స్నాప్‌సీడ్‌లో తెరిచాను. అందులో హీలింగ్ అని ఒక పనిముట్టు ఉంది. అక్కర్లేదనుకున్న చోట వేలితో రుద్దితే, పక్కనున్న ఆకుల్నో మట్టినో తెచ్చి అక్కడ అతికిస్తుంది. సీసాలు పోయాయి, క్యారేజీలు పోయాయి, చివరికి ఉయ్యాల కూడా పోయింది. హీలింగ్ అంటే గాయం మాన్పడం. ఆ ఉయ్యాల నా ఫోటోకి గాయంలా ఎందుకు కనిపించిందో అప్పుడు ఆలోచించలేదు.

తర్వాత ఎరుపు పెంచాను. ఎండలో ఎర్రటి వస్తువుని తీస్తే కెమెరాలో ఎరుపు తొందరగా నిండిపోతుంది. కాయల ముడతలు, తొడిమలు కనిపించక అంతా ఒకే ముద్ద అవుతుంది. ముద్ద కాకుండా వెలుగు తగ్గిస్తే, గుడ్డ చాటున ఉన్న నల్లటి ముఖాలు చీకట్లోకి పోతాయి. మెషీన్ ముందు రెండు దారులుంటాయి. కాయనైనా కాపాడాలి, మనిషినైనా కాపాడాలి. నేను కాయని కాపాడాను. దీన్ని సాంకేతిక సమస్య అని తప్పించుకోలేను. కలర్ ఫిల్మ్ రోజుల్లో లేబరేటరీల వాళ్ళు రంగులు సరిచూసుకోడానికి వాడిన కార్డుల మీద చాలాకాలం తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేది. ఎవరి చర్మం బాగా కనపడాలన్నది పనిముట్టు తయారయ్యేటప్పుడే ఎవరో నిర్ణయిస్తారు. దాన్ని మార్చుకునే అవకాశం నా వేలికింద ఉన్నా నేను మార్చుకోలేదు.

ఫోటో చూసిన ఒక పెద్దమనిషి, “ఆ చొక్కాలు తీసేయమని అడగాల్సిందమ్మా, పల్లె అందం చెడింది” అన్నాడు. మిరప ఘాటు చర్మానికి తగలకుండా ఆ చొక్కాలు వేసుకుంటారు. చేతుల మంట రాత్రికి కూడా చల్లారక, అదే చేత్తో పిల్లని ముట్టుకోవడానికి భయపడే తల్లులున్నారు. ఆయన కోరిన పల్లె అందానికి కావలసింది ఆ స్త్రీల శరీరాలే, వాళ్ళ శ్రమ కాదు. నాకు కోపం వచ్చింది. కానీ ఉయ్యాల చెరిపిన నాకూ ఆయనకీ తేడా ఎంత?

మరుసటి వారం ఆ ఫోటో వాళ్ళకి చూపించడానికి వెళ్ళాను. వాళ్ళు కర్నూలు పడమటి పల్లెల నుంచి కోతలకి వలస వచ్చినవాళ్ళు. ఒకామె ఫోన్ తీసుకుని చాలాసేపు చూసింది.

“దీంట్లో నేను యాడుండానమ్మా?”

“ఇదిగో అక్కా, ఇక్కడ.”

పెద్దది చేసి చూపించాను. ముఖం కనపడలేదు. ఆమె చొక్కా రంగుని బట్టి పోల్చుకుంది. తర్వాత, “చెట్టుకి ఉయ్యాల గట్టింటి గదా, అది యాడ పోయె?” అంది.

నా దగ్గర జవాబు లేదు.

హొమాయ్ వ్యారవాలా గురించి క్లాసులో చెప్తుంటాను. మనదేశపు తొలి మహిళా ఫోటో జర్నలిస్టు. ఆమె తొలి ఫోటోలు భర్త పేరుతో అచ్చయ్యాయని చెప్పినప్పుడు అమ్మాయిలు మండిపడతారు. మండిపడాల్సిందే. మన ఫోటో కింద మన పేరు కోసం మనం పోట్లాడాం. నేను నా ప్రతి ఫోటో మూలనా నా పేరు వేసుకుంటాను. అయితే ఫోటోలో ఉన్నామె పేరు అడగాలని నాకెప్పుడూ తట్టలేదు. ఇక్కడ నేనూ ఆ భర్త స్థానంలోనే ఉన్నాను కదా.

ఇంకోలా తీయడం సాధ్యం కాదా? పి. సాయినాథ్ 1993–2002 మధ్య పది రాష్ట్రాల్లో స్త్రీల శ్రమని ఫోటోలు తీసి ‘విజిబుల్ వర్క్, ఇన్‌విజిబుల్ విమెన్’ అనే ప్రదర్శనగా కూర్చారు. అందులో జీవితమంతా వంగి పనిచేసే విజయనగరం కూలీ స్త్రీలు ఉన్నారు. బొమ్మ పక్కనే ఆ పని ఏమిటో చెప్పే మాటలుంటాయి. అక్కడ పని నేపథ్యం కాదు, విషయమే అది. అందం వద్దని నేననను. కల్లం నిజంగానే ఎర్రగా ఉంటుంది, దాన్ని చూసి పండించినవాళ్ళూ మురిసిపోతారు. ఆ ఎరుపు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో చెరిపేయడంతోనే నా పేచీ.

ఇప్పుడు అడిగి తీస్తున్నాను. కొందరు పేరు వేయమంటారు. కొందరు మేస్త్రీకి తెలిస్తే గొడవ, వద్దంటారు. వద్దంటే వేయను, అసలు పెట్టను. వెలుగు ముఖానికి సరిచూసుకుంటాను. హీలింగ్ ముట్టుకోను. ఈమధ్య నా ఫోటోలు పోటీల్లో ఎంపిక కావడం లేదు.

ఉయ్యాల ఉన్న అసలు ఫోటోని ప్రింటు వేయించి మరుసటి ఏడాది తీసుకెళ్ళాను. 2021–22 పంటని నల్ల తామరపురుగు తినేసింది. చాలా చేలల్లో మొక్కలు పీకేశారు. కోతలు లేవు, ఆ ముఠా రాలేదు. ఆమె పేరు నేను అడగనే లేదు కాబట్టి ఎవరినని వాకబు చేయాలో కూడా తెలియలేదు. ఆ ప్రింటు ఇంకా నా సంచిలోనే ఉంది.