పరచిత్తజ్ఞాని బాల్యము: చార్లెస్ జేవియర్ కథావిమర్శనము

పరుల చిత్తమును దెలిసికొను శక్తి యోగశాస్త్రమున సిద్ధులలో నొకటిగాఁ బేర్కొనఁబడినది. పతంజలి విభూతిపాదమున దీనిని జెప్పి, సిద్ధులు సమాధికి విఘ్నములని యా పాదముననే హెచ్చరించెను. వ్యాసభాష్యము మఱియొక సూక్ష్మమును జేర్చినది: యోగి పరుని చిత్తము రాగయుక్తమని యెఱుఁగునే కాని, యా రాగము దేనిని గుఱించినదో యా జ్ఞానముచేతనే యెఱుఁగఁడు. శాస్త్రమున నీ సిద్ధి సంయమము నభ్యసించినవారికిఁ గలుగునది. అభ్యాసము లేక, కోరిక లేక, తండ్రిని గోలుపోయిన యొక బాలునికిఁ గలిగినచో నేమగును? ఈ ప్రశ్నను జేపట్టినది శాస్త్రగ్రంథము గాదు, ప్రౌఢకావ్యము గాదు. అమెరికా దేశమున బాలురకై యచ్చొత్తఁబడిన యొక చిత్రకథ.

మార్వెల్ కామిక్స్ సంస్థ 1963 సెప్టెంబరు నెల పేర వెలువరించిన 'ఎక్స్-మెన్' ప్రథమసంచికలో చార్లెస్ జేవియర్ అను పాత్ర తొలిసారి కనఁబడును. కథకుఁడు స్టాన్ లీ. చిత్రకారుఁడు జాక్ కర్బీ. పుట్టుకతోనే వింతశక్తులు గలిగి, యా కారణముచే లోకుల భయమునకును ద్వేషమునకును గుఱియైన యువజనులను జేరఁదీసి విద్య గఱపు నాచార్యుఁడితఁడు. చక్రములకుర్చీలోఁ గూర్చుండియే యితరుల తలఁపులను జదువఁగలఁడు. తన తలఁపులను వారి మనములకుఁ బంపఁగలఁడు. తల్లిదండ్రులు మొదటి యణుబాంబు నిర్మాణమునఁ బనిచేసినవారను మాట తప్ప, మొదటి పదునొకండు సంచికలలో నితని బాల్యము దాదాపు తెలియరాదు. 1965 జూలై నాఁటి పండ్రెండవ సంచికలో నా కథ యంతయు వెల్లడియగును. దానికి స్థూలరేఖలు కర్బీవి. చిత్రములు అలెక్స్ టోత్‌వి.

ఆ సంచిక నిర్మాణము మొదటఁ బరిశీలింపఁదగినది. మహాబలమొకటి జేవియర్ భవనమువైపు వచ్చుచున్నదని హెచ్చరిక మ్రోఁగును. శిష్యులు అడ్డుకట్టలు నిర్మింతురు. అవి యొకటొకటిగాఁ గూలుచుండును. ఆ కూలుచప్పుళ్ల నడుమ గురువు తన బాల్యకథను శిష్యులకుఁ జెప్పును. వచ్చుచున్నవాని రూపము సంచిక తుదివఱకుఁ బాఠకునికి స్పష్టముగాఁ గనఁబడదు. కథలోఁ గథ చెప్పు పద్ధతి భారతీయ సాహిత్యమునకుఁ గ్రొత్తది గాదు. అయినను సాధారణముగా గతమును జెప్పుచున్నంతసేపు ప్రస్తుతము నిలిచియుండును. ఇచట నిలువదు, చెప్పఁబడుచున్న గతమే నడచివచ్చి తలుపు కడ నిలిచినది.

కథాసంగ్రహమిది. చార్లెస్ తండ్రి బ్రయన్ జేవియర్ అణుశాస్త్రజ్ఞుఁడు. న్యూ మెక్సికోలోని ఆలమొగోర్డో కడఁ బ్రమాదమున మరణించెను. ఆ ప్రాంతము 1945 జూలై 16న జరిగిన మొదటి యణుబాంబు పరీక్షవలన లోకప్రసిద్ధమైనది. బాలుని యనాథత్వమును కథకుఁడు తన కాలపు మహాభయముతోనే ముడివైచెను. సహోద్యోగి కర్ట్ మార్కో ఓదార్చు నెపమునఁ జేరి, సంపన్నురాలగు వితంతువు షారన్‌ను వివాహమాడెను. అతని కొడుకు కెయిన్ పాఠశాలనుండి వెడలఁగొట్టఁబడి యా యింటికే వచ్చెను. మూలకథను దానిని విస్తరించిన తరువాతి కథలతోఁ గలిపి చూచినచో నా గృహము తేటపడును. కర్ట్ భార్యను నిర్లక్ష్యము చేయును. ఆమె మద్యమున మునుఁగును. కర్ట్ తన కొడుకును గొట్టును. కెయిన్ ఆ దెబ్బల కసి చార్లెస్‌మీఁదఁ దీర్చుకొనును. షారన్ త్వరలోనే మరణించును. పిదప నొకనాఁడు కలహమున ప్రయోగశాలలో విస్ఫోటము జరుగును. కర్ట్ బాలుర నిరువురను వెలుపలికి లాగి, తాను ప్రాణములు విడుచును. విడుచుచు బ్రయన్ మరణమునఁ దనకును గొంత దోషము గలదని యొప్పుకొనును.

ఈ వృత్తాంతమున సామాన్యములగు నంశములు లేకపోలేదు. మాఱుతండ్రి క్రౌర్యము, సవతి సోదరుని యసూయ, యేకాకియగు బాలుఁడు: ఇవి యే దేశపు కథలలోనైనను గలవు. చార్లెస్ కథను వేఱుపఱచునది యొక్కటే: అతనికి అన్నియుఁ దెలియును. మాఱుతండ్రి ప్రేమించినది తల్లిని గాదు, ఆమె ధనమును అని యతని శక్తి మేల్కొన్నప్పుడే తెలిసెను. తెలిసియుఁ దల్లిని గాపాడఁజాలఁడయ్యెను. ఎఱుఁగనివానికి 'ఎఱిఁగియున్నచో నడ్డుకొనియుందును' అను నూఱట యొకటి యుండును. ఆ యూఱటయు నీ బాలునికి లేదు. జ్ఞానము శక్తియని లోకమున వాడుక గలదు. ఈ గృహమున జ్ఞానము దుఃఖమును రెట్టింపుచేసినది మాత్రమే.

అంతకంటె ముఖ్యమైనది కెయిన్ విషయము. తన్ను బాధించువాఁ డెందులకు బాధించుచున్నాఁడో తెలిసికొనఁగోరి చార్లెస్ అతని మనస్సునఁ జొచ్చెను. అచట నున్న గాయమును జూచెను. ఆ నొప్పిని దానే యనుభవించెను. సామాన్యకథయైనచో నీ యనుభవమునుండి స్నేహము పుట్టవలసియుండును. ఇందుఁ బుట్టినది మఱింత ద్వేషము. పాత్రచిత్రణమున నిది దోషమని యొకరు తలఁపవచ్చును: నొప్పిని బంచుకొన్నవానిని ద్వేషించుట యేల? సమాధానము కష్టము గాదు. కెయిన్ ఆ నొప్పిని ఎవ్వరికిని జూపలేదు. తండ్రి కొట్టినప్పుడు కొడుకునకు మిగిలినది, పరులు చూడని తన లోపలి చోటొక్కటి. ఆ చోటునకును మఱియొకఁడు అనుమతి లేక వచ్చెను. వచ్చినవాఁడు జాలితోనే వచ్చుఁగాక. తలుపు తట్టక వచ్చినవాఁడే. పైఁగా వ్యాసభాష్యమునఁ జెప్పఁబడిన పరిమితి యిచటను వర్తించును. చార్లెస్ నొప్పిని జూచెను. ఆ నొప్పి యేమి కోరుచున్నదో చూడలేదు. అది కోరినది పరీక్షకుని గాదు, అండను.

ఈ వ్యాఖ్యానము కథకుని యుద్దేశమునకు మించినదందురేని, కథలోని వస్తువే సాక్ష్యమిచ్చును. కెయిన్ పెద్దవాఁడై సైనికుఁడుగాఁ గొరియా యుద్ధమునకుఁ బోవును. యుద్ధభూమి విడిచి పాఱిపోయి యొక గుహలోఁ బ్రవేశించును. అచటి ప్రాచీనాలయమున సైటొరాక్ అను శక్తికి జెందిన కెంపును దాఁకి నిరోధింపరాని బలశాలి యగును. వెదకుచు వచ్చిన చార్లెస్ చూచుచుండఁగా గుహ కూలును, చార్లెస్ తప్పించుకొనును, కెయిన్ పూడిపోవును. ఏండ్లు గడచిన పిదప నతఁడు బయల్వెడలి సోదరుని యింటికే వచ్చును. అతని శరీరము నేదియు నాఁపఁజాలదు. అట్టివానికి శిరస్త్రాణ మెందులకు? 1965 సెప్టెంబరు నాఁటి పదుమూఁడవ సంచికలో నుత్తరము గలదు. ఆ శిరస్త్రాణము చార్లెస్ మానసశక్తిని లోనికి రానీయదు. సర్వము నెదుర్కొనఁగలవాఁడు కాచుకొనునది తన మనస్సు నొక్కదానినే. శిష్యులు పోరాడి దానిని ఊడఁదీయఁగా, చార్లెస్ మనోబలముతోఁ గొట్టి యతనిని బడఁగొట్టును. విజయము గురువుదే. కాని యా విజయ మెట్టిది? బాల్యమున నే తప్పువలన వైరము పెరిగెనో, యా తప్పునే మఱల బలముతోఁ జేయుట. కథ దీనిని విజయముగానే చెప్పి ముగించును. పాఠకుఁడు మాత్రము సంతోషముతోఁ బుస్తకము మూయఁజాలఁడు.

గుహావృత్తాంతము కిష్కింధాకాండమును జదివినవారికి వాలిసుగ్రీవులను స్మరింపఁజేయును. మాయావిని వెంటాడి వాలి బిలముఁ జొచ్చెను. సుగ్రీవుఁడు ద్వారమునఁ గాచియుండి, యన్న చచ్చెనని తలఁచి బండతో మూసి మరలెను. వాలి సజీవుఁడై వచ్చి తమ్ముని వైరిగాఁ జూచెను. అమెరికా కథకుఁ డీ కథ నెఱిఁగి వ్రాసెనని చెప్పుట కాధారము లేదు, చెప్పనక్కఱయు లేదు. పోలిక యొక విమర్శసూత్రము నందించును. గుహకథను రామునికిఁ జెప్పినవాఁడు సుగ్రీవుఁడు. వాలి మాట రామునికి వినఁబడునది యతఁడు బాణహతుఁడై పడిన పిదపనే. ఇచటను గథకుఁడు చార్లెసే. కెయిన్ కథ కెయిన్ నోట రాదు. పైఁగా నీ వక్త పరుల మనస్సులను జదువువాఁడు గనుక, శిష్యులు అతని మాటను సాక్ష్యముగాఁ గాక ప్రత్యక్షప్రమాణముగా విందురు. పక్షస్థుఁడే ప్రమాణమగుట యీ కథలోని సూక్ష్మమైన ప్రమాదము.

పేర్లను గుఱించి యొక్క మాట. బైబిలులో సోదరుని జంపిన కయీను పేరే యిచటి కెయిన్ పేరు. కథకుఁడు పాత్రకు జన్మముతోనే తీర్పు వ్రాసిపెట్టెను. అతని రెండవ పేరగు జగ్గర్నాట్ మఱియు విచిత్రము. పూరీ జగన్నాథస్వామి నామమే యూరోపీయుల నోటఁబడి, రథచక్రముల క్రింద భక్తులు నలిగిపోవుదురను వారి వర్ణనలవలన, అడ్డము వచ్చినదెల్ల నలఁగద్రొక్కు శక్తి యను నర్థమున నింగ్లీషున స్థిరపడినది. సర్వజనులకు దర్శనమీయ వీథికి వచ్చు దేవుని పేరు, తలుపు తెఱవనివారి యిల్లు పగులఁగొట్టువానికిఁ జెందినది.

తరువాతి కథకులు ఈ బాల్యమును బలుమాఱులు తిరిగి వ్రాసిరి. వారిలో గ్రాంట్ మారిసన్ 2001లో ఆరంభించిన కథలు గణనీయములు. వానిలో కాసాండ్రా నోవా అను కవల సోదరి చార్లెస్‌కుఁ గలదు. గర్భముననే యామె దుష్టత్వమును గ్రహించి చార్లెస్ తన శక్తిచే నామెను జంపఁజూచెననియు, ఆమె మృతశిశువుగాఁ బుట్టియు నశింపలేదనియుఁ గథ. సంభాషణము దాదాపు లేక చిత్రములతోనే నడచిన 2002 నాఁటి సంచికలో నీ గర్భదృశ్యము గలదు. చిత్రకథాశిల్పమున నది మేలైనది. అయినను వస్తువున నొక నష్టము జరిగినది. 1965 కథలో దోషము మనుష్యులది: ధనాశ, నిర్లక్ష్యము, దెబ్బలు, అనుమతిలేని జాలి. ఇవి దిద్దుకొనఁదగినవి. గర్భమునకు జరిపినప్పుడు దోషము విధిగా మాఱును. విధిని దిద్దువారు లేరు. భయము పెరిగినది, బాధ్యత తగ్గినది.

2011లో వచ్చిన 'ఎక్స్-మెన్: ఫస్ట్ క్లాస్' చలనచిత్రము కెయిన్‌ను పూర్తిగా విడిచినది. అందు 1944లో బాలుఁడగు చార్లెస్ రాత్రివేళ వంటయింటఁ దల్లిని జూచును. ఆమె యాదరముగాఁ బలుకఁగానే యామె తల్లి కాదని గ్రహించును. తల్లిరూపము ధరించి యాఁకలితో వచ్చిన రేవెన్ అను బాలిక యామె. ఆదరమే వేషమును బయటపెట్టుట యా గృహస్థితిని క్షణములోఁ దెలుపును. చార్లెస్ ఆ బాలిక మనస్సును జదువనని మాట యిచ్చెనని చిత్రమునఁ దెలియును. ఆమె యతనిని విడిచి పోవుచున్నప్పుడును ఆ మాట జ్ఞాపకము చేయఁబడును. సోదరుని దొలఁగించినను, మూలకథలోని మర్మము నీ చిత్రము పోఁగొట్టుకొనలేదు: మనస్సును జదువఁగలవాఁడు చదువకుండుటయే స్నేహము.

జేవియర్ పాఠశాల వేఱొకచోటఁ గట్టఁబడినది గాదు. న్యూయార్క్ రాష్ట్రమున వెస్ట్‌చెస్టర్ ప్రాంతమునఁ దాను పెరిగిన పిత్రార్జితభవనమునే యతఁడు పాఠశాలగా మార్చెను. ఇరువురు బాలురకు ప్రేమ దొరకని యిల్లు, ఎవరికిని గావలసినవారు గాని బిడ్డలకు ఆశ్రయమైనది. ఇది యతని బాల్యమునకు మేలైన ప్రాయశ్చిత్తము. కాని యా యింటఁ బెరిగిన రెండవ బాలుఁడు తిరిగి వచ్చినప్పుడు మొదట నెదురైనవి అడ్డుగోడలు. 2002 మొదలు వచ్చిన కథలలోఁ గొంతకాలము కెయిన్ ఆ భవనముననే వసించెను. ఆ దినములలో నతని చెలిమికాఁడు చేపరూపముగల సామీ అను బాలుఁడు. ఆ పిల్లవానికి మనస్సులు చదువు శక్తి లేదు. ప్రక్కన నుండుట మాత్రమే యతఁడెఱుఁగును. మహాజ్ఞానికి ముప్పదియేడేండ్ల కథాక్రమమున సాధ్యము గానిది వానికి సాధ్యమైనది. శిష్యుని మనస్సును దెలిసికొనుట విద్యాదానమునఁ బ్రథమాంగమని తలఁచువా రీ చిత్రకథను దిరస్కరింపక చదువవచ్చును. అతఁడు తలుపు తెఱచువఱకు వేచియుండుట యంతకు ముందరి యంగమని యిందుఁ దెలియును.